ఔన్సు దగ్గర గీసిన గీత

అమెరికాలో స్థిరపడిన మన పాఠకులు, అక్కడ పిల్లలు చదువుకుంటున్న తల్లిదండ్రులు కొంతకాలంగా మాకు ఒక ప్రశ్న వ్రాస్తున్నారు. ఎన్నికల సమయంలో వారి ఇంటికి వచ్చే బ్యాలెట్ కాగితం మీద అభ్యర్థుల పేర్లతో పాటు గంజాయి గురించిన ప్రతిపాదన కూడా ఉంటోంది. ఇరవై ఒక్క సంవత్సరాలు నిండినవారు ఇన్ని ఔన్సుల గంజాయి దగ్గర ఉంచుకోవచ్చునా, అవునా కాదా అని ఆ కాగితం అడుగుతుంది. "గంజాయి మంచిదా చెడ్డదా అంటే మా దగ్గర జవాబు ఉంది. కాని ఒక ఔన్సా, రెండు ఔన్సులా, మూడు ఔన్సులా అంటే ఏమని చెప్పాలి? ఆ అంకెను బట్టి మేము ఓటు వేయాలా?" ఉత్తరాల సారాంశం ఇది.

ఈ ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది గాని చిన్నది కాదు. ఆ అంకెకు ఇటువైపు ఉన్నవాడు ఇంటికి వెళ్తాడు, అటువైపు ఉన్నవాడు పోలీసు స్టేషనుకు వెళ్తాడు. అందుకే ఈ నెల మన శీర్షికలో ఆ తూకం గురించే కొంచెం నిదానంగా మాట్లాడుకుందాము.

ఇక్కడి పాఠకుల కొరకు ముందుగా ఒక మాట. అమెరికాలో చాలా రాష్ట్రాలలో శాసనసభతో పని లేకుండా, తగినన్ని సంతకాలు సేకరించి ఒక చట్టాన్ని నేరుగా ప్రజల ముందు పెట్టవచ్చు. కొన్నిచోట్ల రాజ్యాంగ సవరణను కూడా అలాగే పెట్టవచ్చు. గంజాయి చట్టాలు ఎక్కువగా ఈ దారిలోనే వచ్చాయి. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ఓటర్లు మొదటిసారిగా పెద్దలకు గంజాయిని చట్టబద్ధం చేశారు. 2023లో ఒహాయో ఓటర్లు అవునన్నప్పుడు అటువంటి రాష్ట్రాలు 24 అయ్యాయి.

ఔన్సు అంటే సుమారు 28 గ్రాముల మీద కొంచెం. మన ఇళ్లలో బంగారం తూచే పాత తులాల లెక్కలో రెండున్నర తులాలకు కాస్త తక్కువ. ఒక గంజాయి సిగరెట్టులో మూడోవంతు గ్రాము నుండి అర గ్రాము దాకా వేస్తారనుకుంటే, ఒక ఔన్సుతో అరవై నుండి ఎనభై దాకా చుట్టవచ్చు. అంటే అది చిటికెడు కాదు. మూటా కాదు. ఒక మనిషి కొన్ని వారాలు దాచుకుని వాడుకోగలిగినంత.

మరి ఔన్సే ఎందుకు? ఏ వైద్యుడూ లెక్కకట్టి ఇది సురక్షితమని చెప్పిన కొలత కాదు అది. 1972లో అధ్యక్షుడు నిక్సన్ నియమించిన షేఫర్ కమిషన్, సొంత వాడకానికి దగ్గర ఉంచుకున్నవారిని నేరస్థులుగా చూడవద్దని సిఫారసు చేసింది. బహిరంగ ప్రదేశంలో ఒక ఔన్సు వరకు దొరికితే సరుకును స్వాధీనం చేసుకుంటే చాలు, మనిషిని శిక్షించనక్కర లేదని చెప్పింది. నిక్సన్ ఆ సిఫారసును త్రోసిపుచ్చాడు. అయినా మరుసటి సంవత్సరమే, 1973లో, ఆరెగన్ రాష్ట్రం ఒక ఔన్సు వరకు జైలు తీసివేసి వంద డాలర్ల జరిమానా పెట్టింది. తరువాత కాలిఫోర్నియా మొదలైన రాష్ట్రాలు అదే కొలత పట్టుకున్నాయి. నలభై సంవత్సరాలు గడిచాక 2012లో కొలరాడో ప్రతిపాదన వ్రాసినవారు కూడా ఆ ఔన్సునే తీసుకున్నారు. అంగట్లో తూచడానికి వీలుగా ఉండి, వినేవారికి కొద్దిగానే అనిపించే అంకె గనుక అది అలా నిలిచిపోయింది.

అసలు అంకె ఎందుకు, వద్దంటే వద్దని, సరేనంటే సరేనని వ్రాయవచ్చు గదా అని కొందరు అడుగుతారు. అంకె లేకుండా వ్రాసి చూసినవారు ఉన్నారు.

1996లో కాలిఫోర్నియా ఓటర్లు 215వ ప్రతిపాదనను సుమారు 56 శాతం ఓట్లతో ఆమోదించారు. వైద్యుని సలహాతో రోగులు గంజాయి వాడుకోవచ్చునన్నది దాని సారాంశం. ఎంత ఉంచుకోవచ్చునో అందులో లేదు. రోగికి ఎంత అవసరమో అంత అన్నదే భావం. ఫలితంగా ఒక ఊరి పోలీసు ఒక తీరున, పక్క ఊరి పోలీసు మరొక తీరున చూడసాగారు. 2003లో శాసనసభ కల్పించుకొని ఎండిన గంజాయి ఎనిమిది ఔన్సులని ఒక పరిమితి వ్రాసింది. కాని 2010 జనవరిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, ప్రజలు తమ ఓటుతో చేసిన చట్టం రోగికి ఇచ్చిన రక్షణను శాసనసభ తనంతట తాను ఒక అంకెతో కుదించలేదని తీర్పు చెప్పింది. ఓటు నాడు వదిలేసిన ఖాళీని తరువాత పూరించడం ఎంత కష్టమో దీనివల్ల తెలుస్తుంది.

2018లో నార్త్ డకోటాలో వచ్చిన మూడవ ప్రతిపాదన ఇంకా ముందుకు వెళ్లింది. రోగులనే మాట లేదు, పెద్దలందరికీ అనుమతి. ఎంత ఉంచుకోవచ్చునో, ఎన్ని మొక్కలు పెంచుకోవచ్చునో పరిమితి ఏదీ లేదు. ఓటర్లలో దాదాపు 59 శాతం మంది వద్దన్నారు. 2022లో అదే రాష్ట్రంలో ఒక ఔన్సు పరిమితితో మరొక ప్రతిపాదన వచ్చింది. అదీ ఓడిపోయింది గాని వద్దన్నవారు దాదాపు 55 శాతానికి తగ్గారు. 2024లో మరల ఒక ఔన్సుతోనే వచ్చిన ప్రతిపాదనను కూడా ఓటర్లు తిరస్కరించారు, తేడా ఇంకా తగ్గింది. హద్దు చెప్పి అడిగినప్పుడు సరేననేవారు పెరిగారు. ఇది ఒక్క అంకె వల్లనే జరిగిందని మేము అనము. కాలం కూడా మారింది. అయినా హద్దు లేని కాగితాన్ని చూసి ఓటరు జంకాడన్నది వాస్తవం.

ఇంకా చిన్న అంకెతో అడిగినా చాలలేదని చెప్పే ఉదాహరణ కూడా ఉంది. న్యూజిలాండ్ 2020లో దేశమంతటా ఓటు పెట్టింది. అక్కడి బిల్లులో పరిమితి 14 గ్రాములు, అంటే సుమారు అర ఔన్సు. వయస్సు ఇరవై నిండాలి. 50.7 శాతం మంది వద్దన్నారు, 48.4 శాతం మంది కావాలన్నారు. గనుక అంకె ఒక్కటే గెలిపించదు, ఓడించదు.

ఇక అంకె పెద్దదిగా ఉండాలా చిన్నదిగా ఉండాలా అనే వాదన. ఇరుపక్షాల మాట న్యాయంగా విందాము.

పెద్ద అంకె వద్దనేవారు ఇలా అంటారు. సొంత వాడకానికి మూడు ఔన్సులు ఎందుకు? అంత సరుకు దగ్గర ఉన్నవాడు అందులో కొంత అమ్మడని ఎలా నమ్మాలి? చిన్న వ్యాపారి తన సంచిలో ఎప్పుడూ పరిమితికి లోపలే ఉంచుకుని, అయిపోగానే మరల తెచ్చుకుంటాడు. అతనిని పట్టుకునే అవకాశం పోలీసుకు ఉండదు. పాఠశాలల చుట్టూ తిరిగేది ఇటువంటివాడే. ఇది త్రోసివేయదగిన భయం కాదు.

చిన్న అంకె వద్దనేవారు వేరొక సంగతి చూపిస్తారు. పరిమితి ఎంత తక్కువైతే, ఒకటి రెండు గ్రాముల తేడాతో నేరస్థులయ్యేవారు అంత ఎక్కువ. పట్టుబడేది ఎవరు? 2013లో అమెరికా పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ ప్రకటించిన లెక్కల ప్రకారం 2010లో గంజాయి దగ్గర ఉంచుకున్నందుకు నల్లజాతివారు తెల్లవారికంటే సుమారు 3.7 రెట్లు ఎక్కువగా అరెస్టయ్యారు. వాడకంలో మాత్రం రెండు జాతుల మధ్య అంత తేడా లేదు. బైబిలు చదివే కుటుంబాలకు సంచిలోని రెండు రకాల తూకపు రాళ్ల సంగతి తెలిసినదే. చట్టంలో ఔన్సు ఒక్కటే అయినా, వీధిలో తూచేటప్పుడు రెండు రకాల రాళ్లు వాడితే అది న్యాయము కాదు.

ఈ విషయంలో విశ్వాసులు ఒకే వైపున లేరు. 2010లో కాలిఫోర్నియాలో ఒక ఔన్సు పరిమితితో 19వ ప్రతిపాదన వచ్చినప్పుడు, అక్కడి నల్లజాతివారి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ రాష్ట్ర అధ్యక్షురాలు ఆలిస్ హఫ్‌మన్ దానిని సమర్థించింది. యువకుల అరెస్టులే ఆమె చూపిన కారణం. నల్లజాతి సంఘాల కాపరులలోనే కొందరు ఆమెను గట్టిగా వ్యతిరేకించారు. మా పేటలను ఇప్పటికే మత్తు తినివేసింది, ఇంకా తలుపులు తెరవకండి అన్నది వారి బాధ. ఆ ప్రతిపాదన 53 శాతానికి పైగా వ్యతిరేక ఓట్లతో ఓడిపోయింది. 2016లో మసాచుసెట్స్‌లో వచ్చిన ప్రతిపాదనను ఓడించడానికి బోస్టన్ కేథలిక్ అతిమేత్రాసనం ఎనిమిదిన్నర లక్షల డాలర్లు ఇచ్చింది. అయినా అక్కడి ప్రజలు సుమారు 54 శాతం ఓట్లతో దానిని ఆమోదించారు. ఒకరు జైలులో పడుతున్న కుమారుని చూశారు, ఇంకొకరు మత్తులో పడుతున్న కుమారుని చూశారు. ఇద్దరి దుఃఖమూ నిజమైనదే.

అంకె వల్ల పోలీసు చేతిలోని అధికారం ఎలా మారుతుందో చెప్పడానికి మసాచుసెట్స్‌లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. 2008లో అక్కడి ఓటర్లు, ఒక ఔన్సు లేక అంతకు తక్కువ దొరికితే అది నేరం కాదు, వంద డాలర్ల జరిమానా మాత్రమేనని తీర్మానించారు. తరువాత 2011లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ముందుకు ఒక కేసు వచ్చింది. ఆగి ఉన్న కారులో నుండి గంజాయి వాసన వచ్చిందని పోలీసులు లోపలివారిని దింపారు. కోర్టు చెప్పినది సులభమైన తర్కము. ఔన్సు లోపల ఉంటే నేరం కాదు, ఎంత బరువు ఉన్నదో వాసన చెప్పదు, గనుక కాల్చిన వాసన ఒక్కటే నేరం జరుగుతున్నదని అనుమానించడానికి చాలదు. బ్యాలెట్ మీద వ్రాసిన ఒక చిన్న అంకె, రోడ్డు మీద ఎవరిని ఆపవచ్చు, ఎవరిని దింపవచ్చు అనే దాకా వెళ్లిందన్నమాట. ఓటు వేసేవారు ఈ సంగతి తెలిసి వేయాలి.

ఇప్పుడు తల్లిదండ్రులు ముఖ్యంగా గమనించవలసిన విషయానికి వద్దాము. బరువు మత్తును కొలవదు.

1990ల మధ్యలో అమెరికాలో పోలీసులు పట్టుకున్న గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థం సగటున సుమారు 4 శాతం ఉండేది. 2014 నాటికి అది 12 శాతం దాకా వచ్చింది. 1973 నాటి ఔన్సును చూసి గీసిన గీతనే, ఎన్నో రెట్లు ఘాటైన ఈనాటి సరుకుకూ వాడుతున్నారు. తూకపు రాయి మారలేదు గాని తూచే వస్తువు మారిపోయింది. ఆకు నుండి తీసిన గాఢమైన సారం ఇంకా తీవ్రమైనది. అందుకే తరువాతి ప్రతిపాదనలు దానికి వేరే లెక్క పెట్టాయి. 2016లో కాలిఫోర్నియా ఆమోదించిన 64వ ప్రతిపాదనలో ఆకుకు 28.5 గ్రాములైతే సారానికి 8 గ్రాములు మాత్రమే. 2020లో ఆరిజోనా ప్రతిపాదనలో 5 గ్రాములు.

తినుబండారాల లెక్క మరింత చిక్కైనది. వాషింగ్టన్ 2012లో చేసిన చట్టం ఆకుకు ఒక ఔన్సు, గంజాయి కలిపిన తినే పదార్థానికి 16 ఔన్సులు, పానీయానికి 72 ఔన్సులు అని వ్రాసింది. బిస్కెట్టులో పిండి, చక్కెర, నెయ్యి బరువే ఎక్కువ గదా! 16 ఔన్సుల బిస్కెట్లలో మత్తు ఎంత ఉన్నదో ఆ ఔన్సులు చెప్పవు. దీనికి టీహెచ్‌సీ మిల్లిగ్రాముల లెక్కే సరియైనది. కొలరాడోలో ఒక్కసారి తినే ముక్కకు 10 మిల్లిగ్రాములు, పొట్లమంతటికీ 100 మిల్లిగ్రాములు అని నియమం పెట్టారు.

ఈ లెక్క ఎందుకంత ముఖ్యమంటే, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటారు గనుక. అమెరికాలోని విష నివారణ కేంద్రాలకు, ఆరు సంవత్సరాల లోపు పిల్లలు గంజాయి తినుబండారాలు పొరపాటున తిన్నట్లు 2017లో వచ్చిన సమాచారం 207. 2021లో అది 3,054. చాక్లెట్టు, జెల్లీ మిఠాయి రూపంలో ఉన్నదానిని పసిపిల్ల మిఠాయి అనే అనుకుంటుంది. అందులో సగానికి పైగా పిల్లలకు దొరికినది తమ ఇంట్లోనే. పెద్దవాళ్లకు ఎన్ని ఔన్సులు అనే వాదనలో ఈ పిల్లల మాట మరుగున పడకూడదు.

ఇంటికి ఒక లెక్క, వీధికి ఒక లెక్క పెట్టిన రాష్ట్రాలు ఉన్నాయి. మసాచుసెట్స్ చట్టం బయట ఒక ఔన్సు, ఇంట్లో పది ఔన్సులు అన్నది. మిషిగన్ 2018లో బయట రెండున్నర, ఇంట్లో పది అన్నది. ఆరెగన్ 2014లో బయట ఒకటి, ఇంట్లో ఎనిమిది అన్నది. ఇంటి పెరట్లో మొక్కలు పెంచుకోనిస్తే, కోత కోసిన రోజున ఒక ఔన్సుతో ఆగదు గనుక ఈ ఏర్పాటు. అయితే మసాచుసెట్స్ చట్టంలో ఇంకొక మాట ఉంది. ఇంట్లో ఒక ఔన్సు దాటినదంతా తాళం వేసి ఉంచాలి. మాకు ఈ తాళం మాట ఔన్సుల మాటకంటె విలువైనదిగా తోస్తున్నది.

మరొక సంగతి. ఆ అంకెను ఎక్కడ వ్రాస్తున్నారు? మామూలు చట్టంలోనా, రాష్ట్ర రాజ్యాంగంలోనా? కొలరాడో 2012లో ఒక ఔన్సును రాజ్యాంగంలోనే వ్రాసింది. అది ప్రజలకు హామీ ఇచ్చిన కనీస హద్దు. 2021లో శాసనసభ దానిని రెండు ఔన్సులకు పెంచింది. ఒక ఔన్సు కంటె తగ్గించాలంటే మాత్రం మరల ప్రజల ఓటు కావాలి. మిస్సోరీ 2022లో మూడు ఔన్సులను రాజ్యాంగ సవరణగానే ఆమోదించింది. ఫ్లోరిడాలో 2024లో వచ్చిన మూడు ఔన్సుల సవరణకు సుమారు 56 శాతం మంది అవునన్నారు గాని అక్కడ సవరణకు 60 శాతం కావాలి గనుక అది ఓడిపోయింది. ఒహాయో 2023లో రెండున్నర ఔన్సులు అన్నది మామూలు చట్టంగా వచ్చింది. దానిని శాసనసభ మార్చవచ్చు. న్యూజెర్సీలో 2020లో ఓటర్లను అడిగినప్పుడు బ్యాలెట్ ప్రశ్నలో అంకె లేదు. అనుమతించాలా వద్దా అని మాత్రమే అడిగారు. మరుసటి సంవత్సరం శాసనసభ ఆరు ఔన్సులు అని పెట్టింది. కాగితం మీద లేని అంకె తరువాత ఎంత పెద్దదిగా రాగలదో చూడండి. రాజ్యాంగంలో పెడితే తప్పు దిద్దుకోవడం కష్టం. చట్టంలో పెడితే ప్రజల మాట మారిపోవచ్చుననే భయం. ఏది ఎంచుకున్నా, తెలిసి ఎంచుకోవాలి.

ఇక ఈ శీర్షిక చదివే కుటుంబాలలో ఎందరికో ప్రాణప్రదమైన సంగతి ఒకటి ఉంది. దయచేసి దీనిని మీ పిల్లలకు చదివి వినిపించండి.

ఓటు హక్కు పౌరులకే. విద్యార్థి వీసా మీద, ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి, గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ ఓటు లేదు. కాని ఆ ఓటు ఫలితాన్ని చూసి, ఇక్కడ చట్టబద్ధమే గదా అని అంగడికి వెళ్లేవారిలో మన పిల్లలు కూడా ఉండవచ్చు. రాష్ట్రం ఎన్ని ఔన్సులు అన్నా, పెద్దలు సరదాకు వాడుకునే గంజాయిని అమెరికా కేంద్ర చట్టం ఒప్పుకోదు. ఈ విషయంలో కేంద్రానిదే పైచేయి అని 2005లో అమెరికా సుప్రీంకోర్టు కాలిఫోర్నియా నుండి వచ్చిన కేసులో స్పష్టం చేసింది. వలస వ్యవహారాలు చూసేది కేంద్రమే.

ఆ వలస చట్టంలోనూ ఒక తూకం ఉంది. మాదకద్రవ్యాల నేరానికి శిక్ష పడిన విదేశీయుని దేశం నుండి పంపివేయవచ్చు. ఒకే ఒక్కసారి, సొంత వాడకానికి, 30 గ్రాములు లేక అంతకు తక్కువ గంజాయి ఉంచుకున్న నేరానికి మాత్రమే మినహాయింపు. 30 గ్రాములంటే ఔన్సుకు కొంచెం ఎక్కువ. ఈ మినహాయింపు అన్ని సందర్భాలకూ కాదు. సెలవులకు ఇంటికి వచ్చి తిరిగి దేశంలోకి ప్రవేశించేటప్పుడు, గ్రీన్ కార్డు అడిగేటప్పుడు అది దానంతట అది కాపాడదు. అక్కడ శిక్ష పడకపోయినా, నేను వాడాను, నా దగ్గర ఉంచుకున్నాను అని అధికారి ముందు ఒప్పుకోవడమే అడ్డంకి కావచ్చు. పౌరసత్వం అడిగేవారి విషయంలో, రాష్ట్రంలో చట్టబద్ధమైన గంజాయి వ్యవహారం కూడా సత్ప్రవర్తనకు ఆటంకం కాగలదని వలస శాఖ 2019 ఏప్రిల్‌లో ప్రకటించింది. వాడకమే కాదు, గంజాయి అంగడిలో ఉద్యోగం చేయడం కూడా చిక్కు తేగలదు. ఎవరైనా ఇప్పటికే ఇటువంటి ఇబ్బందిలో ఉంటే అబద్ధం చెప్పవద్దు, తొందరపడి ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. ముందుగా వలస చట్టం తెలిసిన న్యాయవాదిని కలవండి. తల్లిదండ్రులు కూడా కోపంతో ఫోను పెట్టేయక, బిడ్డ చెప్పినది పూర్తిగా వినండి.

మన దేశంలో తూకం వేరు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి ఒక కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. చిన్న పరిమాణమంటే అనుమతి ఉన్నదని అర్థం కాదు. దానికి కూడా ఒక సంవత్సరం దాకా కఠిన జైలు, పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. వాణిజ్య పరిమాణమైతే పది నుండి ఇరవై సంవత్సరాలు. అక్కడి ఔన్సు అనుమతికి హద్దు, ఇక్కడి కిలో శిక్షకు మెట్టు. ఈ తేడా తెలియక, అమెరికాలో 28 గ్రాములు సరేనన్నారు, ఇక్కడ కిలో దాకా ఫరవాలేదు అని యువకులు ఒకరికొకరు చెప్పుకుంటే ప్రమాదం. విశాఖ మన్యం నుండి కూలి డబ్బుకు ఆశపడి మూట మోసినవాడు 20 కిలోలు దాటి పట్టుబడితే, మూట ఎవరిదైనా జైలు వాడిదే. అక్కడా ఇక్కడా తూకం బీదవాని భుజం మీదనే ముందు పడుతున్నది.

ఇంతకు మా అభిప్రాయం ఏమిటని అడుగుతారు. దాచకుండా చెప్తాము. గంజాయి మన ఇళ్లలోకి రావడం మాకు ఇష్టం లేదు. ఎదిగే వయస్సులో దానికి అలవాటుపడిన పిల్లల చదువు, మనస్సు ఎలా చెదిరిపోతాయో ఎన్నో కుటుంబాలు చూశాయి. అయినా, వద్దు అని ఓటు వేసేవారు కూడా, సరేననే పక్షం గెలిస్తే తమ పొరుగువారు ఏ చట్టం కింద బ్రతుకుతారో ఆలోచించాలి. సరేననే ఓటు వేసేవారు, తమ స్వేచ్ఛ వల్ల పక్కింటి పసిపిల్ల ఏమవుతుందో ఆలోచించాలి. గనుక ఏ పక్షమైనా ఆ ప్రతిపాదన పూర్తి పాఠం తెప్పించుకుని నాలుగు సంగతులు వెదకమని మా మనవి.

మొదటిది, అంకె ఉన్నదా, ఆకుకు, సారానికి, తినుబండారాలకు వేరువేరుగా ఉన్నదా? రెండవది, ఆ అంకె దాటినవానికి ఏమి జరుగుతుంది? ఒక గ్రాము దాటినా జైలేనా, లేక జరిమానా నుండి మెట్లు మెట్లుగా ఉన్నదా? మూడవది, పద్దెనిమిది లోపు పిల్లవాడు దొరికితే ఏమి చేస్తారు? కాలిఫోర్నియా 2016 ప్రతిపాదనలో అటువంటి పిల్లలకు జైలు బదులు మత్తు గురించిన బోధ, సమాజసేవ పెట్టారు. ఇది మంచి పద్ధతి అని మా నమ్మకం. నాలుగవది, ఇంట్లో ఉన్న సరుకుకు తాళం నియమం ఉన్నదా? ఈ నాలుగింటికి సరియైన జవాబు లేని ప్రతిపాదన ఒక ఔన్సు అన్నా మంచిది కాదు. జవాబులు ఉన్న ప్రతిపాదనను, అంకె రెండున్నర అని ఉన్నంత మాత్రాన భయపడి చూడనక్కర లేదు.

రాష్ట్రం గీసే గీత పోలీసుకూ పౌరునికీ మధ్య గీసేది. తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య ఉండవలసిన మాటను అది చెప్పలేదు. పదిహేనేళ్ల కుమారుడు, చట్టం ఒప్పుకున్నది గదా, మీరెందుకు వద్దంటున్నారు అని అడిగే రోజు వస్తుంది. చట్టం ఒప్పుకున్నది ఇరవై ఒక్క ఏళ్లవానికి అని చెప్పి ఊరుకోవద్దు. ఎందుకు వద్దంటున్నామో, ఏమి చూసి భయపడుతున్నామో కూర్చోబెట్టి చెప్పండి. వాని ప్రశ్న కూడా వినండి. ఎన్నికల కాగితం ఇంటికి వచ్చిన సాయంత్రం భోజనాల బల్ల దగ్గరే ఆ మాట మొదలుపెట్టవచ్చు. మీ ఊరిలో అటువంటి ఓటు వచ్చి ఉంటే, ఇంట్లో ఏమి మాట్లాడుకున్నారో మాకు వ్రాయండి. ఇతర కుటుంబాలకు ఉపయోగపడేవాటిని పేర్లు లేకుండా ఈ శీర్షికలో ప్రచురిస్తాము.